కాలవ గట్టు మీద దారిదోపిడీ: పాతకాలం దొంగల సినిమా తక్కువ ఖర్చులో ఎలా తియ్యాలంటే

నలుగురు కుర్రాళ్ళు, ఒక కెమెరా, ఓ పది రోజులు సెలవలు ఉంటే చాలు, ఎవడికైనా ముందు తట్టేది దొంగల కథే అండి. ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పంచే దొంగ, మొహానికి గుడ్డ, చేతిలో తుపాకి, కింద గుర్రం. మాకూ అదే తట్టింది. ఇరవై నిమిషాల షార్ట్ ఫిలిం, తీసింది రెండుసార్లు. మొదటిసారి తీసింది మొత్తం హార్డ్ డిస్కులోనే సమాధి అయిపోయింది, రెండోసారి తీసింది మాత్రం ఊళ్ళో గోడ మీద వేసి చూపిస్తే జనం కదలకుండా కూర్చున్నారు. ఆ రెంటికీ మధ్య ఏం నేర్చుకున్నామో రాస్తున్నా, మీరు మళ్ళీ అదే గోతిలో పడకుండా ఉంటారని.

మొదటిసారి ఎందుకు పాడైందో చెప్తా. గుర్రం. పెళ్ళిళ్ళకి తిప్పే గుర్రాన్ని ఒక రోజుకి మాట్లాడుకుని తెచ్చాం, అది పాపం జీవితం మొత్తం బ్యాండు మేళం వెనకాల నడిచిన ప్రాణి, దానికి పరిగెత్తడం అనేది తెలీదు, కాలవ గట్టు చూడగానే నాలుగు కాళ్ళూ పాతేసినట్టు నిలబడిపోయింది. మా హీరో దాని మీద కూర్చుని కత్తి తిప్పుతున్నాడు, గుర్రం మాత్రం గట్టు మీద గరిక మేస్తోంది. సాయంత్రానికి అర్థమైంది ఏంటంటే తప్పు గుర్రానిది కాదు, కథది. మన గోదారి డెల్టాలో గుర్రం దొంగ అసలు ఎందుకుంటాడండీ?

గుర్రం మీద దారికొట్టే దొంగ అనేవాడు ఇంగ్లాండు సరుకు. అక్కడ లండన్ చుట్టూ ఖాళీ మైదానాలు, వాటి మధ్యలో రోడ్డు, రోడ్డు మీద డబ్బున్నోళ్ళు ఎక్కిన గుర్రబ్బళ్ళు, ఆపడానికి గుర్రం కావాలి, పారిపోడానికీ గుర్రం కావాలి, అందుకని గుర్రం. అక్కడ అందరికంటే పేరున్న డిక్ టర్పిన్ అనేవాడిని 1739లో యార్క్‌లో ఉరి తీశారు, అదీ దారిదోపిడీ కేసులో కాదు, గుర్రాలు దొంగిలించిన కేసులో. తర్వాత్తర్వాత రోడ్ల మీద గుర్రపు గస్తీ పెరిగి, ఖాళీ మైదానాలకి కంచెలు పడి, ఆ రకం దొంగలు మాయమైపోయారు. అంటే ఆ దొంగని పుట్టించింది ఆ ఊరి రోడ్డు. మనం ఆ దొంగని తెచ్చి కొబ్బరితోటలో నిలబెడితే ఫ్యాన్సీ డ్రెస్ పోటీలాగే ఉంటుంది తప్ప సినిమా అవ్వదు.

కాబట్టి మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న, మీ కథ జరిగే ఏడాదికి మీ ఊళ్ళో డబ్బు ఏ దారిన వెళ్ళేది అని. దానికి జవాబు దొరికితే స్క్రిప్టు సగం రాసేసినట్టే ఆయ్.

మా కథకి 1877 పెట్టుకున్నాం. ఎందుకంటే అది ధాత కరువు, 1876 నుంచి 78 దాకా దక్షిణ దేశం మొత్తం మాడిపోయిన కరువు. కానీ మన దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కల్లా కట్టేశారు కదా కాటన్ దొర, కాలవల కింద పంట పండింది. ఒక పక్క జనం ఆకలితో చస్తుంటే ఇంకో పక్క ధాన్యం ధర పెరిగి పురుల్లో, అంటే గడ్డితాడు చుట్టి కట్టిన గాదెల్లో, నిల్వ చేసినవాడికి పండగ. ఉన్నోడు, లేనోడు అన్న కథకి ఇంతకన్నా పదునైన ఏడాది దొరకదు, మీరు విలన్ చేత ఒక్క డైలాగు కూడా చెప్పించక్కర్లేదు, వాడి పెరట్లో నాలుగు పురులు చూపించి, గుమ్మం ముందు ఖాళీ కుంచం పట్టుకున్న మనిషిని చూపిస్తే చాలు.

ఇక దారి. అప్పటికి రాజమండ్రికి రైలు రాలేదు, హేవలాక్ బ్రిడ్జి మీద రైలు నడిచింది 1900లో. రోడ్లు వానాకాలం వస్తే మోకాల్లోతు బురద. సరుకంతా కాలవల మీద పడవల్లోనే. ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టా కాలవలు, బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టావి, విజ్జేశ్వరం నుంచి పడమటివి. ఇక్కడో చిన్న లాజిక్ ఉంది, మాకు ఇది తట్టడానికి నెల పట్టింది, మీకు ఫ్రీగా ఇచ్చేస్తున్నా: ధాన్యం దిగువకి పోతుంది, డబ్బు ఎగువకి వస్తుంది. అంటే షావుకారు పడవ నిండా బస్తాలేసుకుని కాకినాడ రేవుకి ప్రవాహంతో పాటు హాయిగా దిగిపోతాడు, అమ్ముకుని వెండి రూపాయలతో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎదురు నీరు. ఎదురు నీటికి పడవ తనంతట తను రాదు, గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగాలి. అంటే డబ్బున్నప్పుడే పడవ నెమ్మదిగా, మనుషుల నడక వేగంతో వస్తుంది. దొంగకి గుర్రం ఎందుకు, కొడవలి చాలు. తాడు కోస్తే పడవ ఆగిపోద్ది, ఆగడమే కాదు, వెనక్కి కొట్టుకుపోద్ది.

దానికంటే మంచి చోటు ఇంకోటి ఉంది. లాకులు, అంటే కాలవ మట్టం మారే చోట పడవల్ని ఎత్తడానికీ దించడానికీ కట్టినవి. ఎప్పుడైనా పాత లాకు దగ్గర నిలబడి కిందకి చూడండి. రెండు గేట్ల మధ్య రాతిగోడల తొట్టి. ఎగువకి వెళ్ళే పడవ ఆ తొట్టిలోకి కింద మట్టంలో దూరుతుంది, వెనక గేటు మూసేస్తారు, ముందు గేటుకుండే తూములు ఎత్తితే నీళ్ళు నిండుతూ పడవ మెల్లగా పైకి లేస్తుంది, రెండు పక్కలా మట్టం సమానం అయ్యాకే ముందు గేటు తెరుచుకుంటుంది. అంతసేపూ పడవలో ఉన్నవాడికి నాలుగు వైపులా పాచి పట్టిన గోడలే, ముందుకీ పోలేడు, వెనక్కీ పోలేడు. షావుకారు తల పైకెత్తి చూస్తాడు, ముందు గోడ అంచు మీద పాదాలు కనిపిస్తాయి, పడవ ఇంకొంచెం లేస్తుంది, మోకాళ్ళు, ఇంకొంచెం లేస్తుంది, నడుం దగ్గర కొడవలి, చివరికి మొహం. దొంగ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు, పడవే వాడి దగ్గరకి వచ్చింది. మా సినిమాలో జనం ఊపిరి బిగబట్టి చూసింది ఆ ఒక్క సీనే.

అయితే ఈ సీను తియ్యడం ఎలా అంటే, ఇప్పుడు లాకుల్లో పడవలు నడవట్లేదు, గేట్లు మనం తియ్యమంటే తియ్యరు, తియ్యకూడదు కూడా. మేం ఏం చేశామంటే పడవని అసలు కదపలేదు. లాకు పక్కన గోడకి ఆనుకుని, నీళ్ళు తక్కువున్న చోట పడవ కట్టేశాం, పడవలో ట్రైపాడ్ పెట్టి, కెమెరాని గోడ వైపు తిప్పి, ట్రైపాడ్ మధ్య కడ్డీని చేత్తో మెల్లిగా తిప్పుతూ అరడుగు పైకి లేపాం. ఫ్రేములో గోడ తప్ప ఇంకేం లేదు కాబట్టి చూసేవాడికి పడవే లేస్తున్నట్టు ఉంటుంది. అరడుగుకి పాదాల నుంచి మోకాళ్ళ దాకా వస్తుంది, కట్ చేసి షావుకారు మొహం, మళ్ళీ అరడుగు. ఇలా నాలుగు ముక్కలు. షావుకారు వేసినాయన మా స్కూలు తెలుగు మాస్టారు, ఆయనకి మేం చెప్పింది ఒకటే, మాస్టారూ మీరు భయపడొద్దు, లెక్క తప్పింది అన్నట్టు చూడండి అని. భయం నటిస్తే నాటకంలా ఉంది, లెక్క తప్పిన మొహం మాత్రం భలే కుదిరింది.

తాడు కోసే షాటు గురించి కూడా చెప్పాలి. తాడు కొబ్బరి పీచుదే వాడండి, కోనసీమలో ఉండి కూడా నీలం ప్లాస్టిక్ తాడు వాడితే మిమ్మల్ని ఎవరూ క్షమించరు. క్లోజప్పు గట్టు మీద తియ్యక్కర్లేదు, రెండు కొబ్బరిచెట్ల మధ్య తాడు బిగించి కట్టి, ముందే సగం పైగా పోగులు కోసి ఉంచి, మిగతావి కెమెరా ముందు కొడవలితో కొయ్యండి, బిగువుకి పోగులు ఒక్కోటీ విప్పుకుంటూ తెగుతాయి, స్లో మోషన్ కూడా అక్కర్లేదు. లాగేవాళ్ళు మాత్రం నిజంగా తాడు మీద బరువేసి వంగి ఉండాలి, తెగగానే ముందుకి తూలి పడాలి, అక్కడ ముందే గడ్డి పరిచి ఉంచండి. మావాడొకడు నిటారుగా నడుస్తూ లాగినట్టు యాక్షన్ చేశాడు, చూస్తే కుక్కపిల్లని తిప్పుతున్నట్టుంది, ఆ షాట్లన్నీ మళ్ళీ తీశాం.

పడవ ఎక్కడిది అంటారా. పైన గూడు కట్టిన గూటి పడవలు ఇప్పుడు ఎక్కడున్నాయి. చేపలు పట్టేవాళ్ళ నాటుపడవ ఒకటి మాట్లాడుకుని, వెదురు బద్దలు వంచి కట్టి, పైన తాటాకు తడిక కప్పాం, ఒక్క రోజు పని. పడవకి వేసిన పెయింటు, నంబరు కనపడకుండా గోనెసంచులు వేలాడదియ్యండి. అప్పటి పడవకి గోనెసంచులు వేలాడటం సహజమే కాబట్టి అనుమానం రాదు.

ఇప్పుడు డబ్బు బరువు. ఇది నాకు పెద్ద పట్టింపు. మన సినిమాల్లో దొంగ మూట ఎడం చేత్తో గిరాటేస్తాడు, ఇంకొకడు ఒంటిచేత్తో పట్టుకుంటాడు, అందులో దూదుందో డబ్బుందో తెలీదు. వెండి రూపాయి బరువు 11.66 గ్రాములండి, 1835 నుంచి అదే లెక్క. వెయ్యి రూపాయలంటే పదకొండున్నర కేజీల పైమాటే. అయిదు వేలు కొట్టేశాడంటే 58 కేజీలు, అంటే ఒక మనిషిని భుజాన వేసుకుని పరిగెత్తినట్టు. సర్కారు నోట్లు 1861 చట్టంతో వచ్చాయి గానీ కరువు రోజుల్లో పల్లెలో కాగితం చూపిస్తే నమ్మేదెవరు. ఈ బరువే మీ కథకి అసలు మలుపు. అయిదుగురు దొంగలు, మూటలు అయిదు, బురద గట్టు, వెనక ఊరి కావలి కాసే తలారి కేకలు, ఎవడు మూట వదిలేస్తాడు? మా కథలో చివరి పది నిమిషాలు మొత్తం దీని మీదే నడిచింది.

బరువుకి మేం వాడింది వాషర్లు. ఇనప సామాన్ల కొట్లో 16 ఎంఎం బోల్టుకి వేసే వాషరు అడగండి, అది అడ్డం 30 ఎంఎం ఉంటుంది, బరువు 11 గ్రాములు పైన. రూపాయి కూడా దాదాపు అంతే అడ్డం, అంతే బరువు. గుడ్డసంచిలో పోస్తే బయటికి పొడుచుకొచ్చే ఆకారం అచ్చం అలాగే ఉంటుంది, మధ్యలో చిల్లున్న సంగతి సంచికి తెలీదు కదా. సంచి పడవ చెక్క మీద పడ్డప్పుడు యాక్టరు భుజం తనంతట తనే వంగిపోతుంది, యాక్టింగు నేర్పక్కర్లేదు. కాకపోతే చప్పుడు తేడా, ఇనుము టకటకమంటుంది, వెండి ఘల్లుమంటుంది. అందుకని ఆ చప్పుడు వేరేగా మా మామ్మ వెండి పట్టీలూ గ్లాసూ కంచంలో పోసి రికార్డు చేసి కలిపాం. క్లోజప్పుకి ఒక్క అసలు రూపాయి చాలు, పాత ఇళ్ళల్లో దేవుడి మందసంలో రాణీ బొమ్మ రూపాయి దొరుకుతుంది, కానీ దాని మీద ఏడాది చూసుకోండి, 1877 కథలో 1901 రూపాయి పెట్టారనుకో ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీసి ఆడేసుకుంటాడు.

డబ్బుతో పాటు ఇంకోటి దోచుకోవచ్చు, దానికి బరువు లేదు. అప్పు పత్రాలు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి డబ్బు కంటే ముందు వెతికింది పత్రాల కోసమే, దొరికినవి దొరికినట్టు తగలబెట్టారు. ఆ కబురు ఏ యాత్రికుడో మోసుకొచ్చి మన లాకు దగ్గర చెప్పినట్టు ఒక సీను పెడితే దొంగల బుర్రలో ఆలోచన పుట్టడానికి కారణం దొరుకుతుంది. మా కథలో మూటలు కాలవలో వదిలేస్తారు, పత్రాల పెట్టె మాత్రం వదలరు.

దొంగలు ఎవరు అన్నది జాగ్రత్తండి బాబూ. 1871లో తెల్లదొరలు ఒక చట్టం తెచ్చి కొన్ని కులాల్నీ తెగల్నీ పుట్టుకతోనే నేరస్తులన్నారు, మన మద్రాసు వైపుకి అది 1911లో వచ్చింది, దేశం మొత్తం మీద పూర్తిగా పోయేసరికి 1952 అయింది, ఆ మచ్చ ఇప్పటికీ కొన్ని కుటుంబాల్ని వదల్లేదు. సరదా సినిమా తీస్తూ ఫలానా వాళ్ళు దొంగలు అని చూపించడం నాకు మాత్రం నచ్చదు. మా ముఠాలో ఉన్నది పని పోయిన తలారి ఒకడు, పడవ లాగి లాగి భుజం పడిపోయినవాడు ఒకడు, మగ్గం అమ్ముకున్నవాడు ఒకడు, వంట మనిషి ఒకావిడ, ఆవిడ కొడుకు. ఎవరి ఇంటిపేరూ చెప్పలేదు. అలాగే మన్యం విప్లవాన్నీ దొంగల కథనీ కలిపెయ్యకండి, అది వేరు, దాని మర్యాద వేరు.

ఇక ఫ్రేములో ఏం ఉండకూడదు అనేది. కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు ఇవన్నీ మీకే తెలుస్తాయి. తెలీనివి చెప్తా. గుర్రపు డెక్క. కాలవ నిండా పచ్చగా, ఊదా పూలతో భలే అందంగా ఉంటుంది, కెమెరామెన్ అక్కడే ఆగిపోతాడు, కానీ అది దక్షిణ అమెరికా మొక్క, మన దేశానికి వచ్చిందే 1877 తర్వాత. అందుకని డెక్క లేని కాలవ ముక్క వెతుక్కోండి, దొరక్కపోతే ఓ ఇరవై గజాలు మీరే లాగేసి శుభ్రం చేసుకోండి, ఊరివాళ్ళు దణ్ణం కూడా పెడతారు. పామాయిల్ తోటలూ అంతే. బెంగుళూరు పెంకు వేసిన ఇల్లు కూడా పల్లెలో అప్పటికి వద్దు, గూన పెంకుల మండువా లోగిలి గానీ తాటాకు ఇల్లు గానీ చూసుకోండి. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో సినిమా చెట్టు ఉండేది కదా, ఎన్ని సినిమాల్లో చూశామో, 2024 ఆగస్టులో పడిపోయింది, వార్త చూసిన రోజు మనసు పాడైపోయింది. కానీ నిజం చెప్పాలంటే అది ఉన్నా మన కథకి పనికిరాదు, నిద్రగన్నేరు కూడా బయటి నుంచి వచ్చిన చెట్టే, 1877కి అంత మాను ఉండే ఛాన్సు లేదు. తాడి, మర్రి, చింత, రావి, కొబ్బరి, వీటితో ధైర్యంగా తియ్యండి.

దీపాలు ఆముదం దీపాలు, బయట కాగడాలు. హరికేన్ లాంతరు పట్టుకొస్తాడు ప్రతి ప్రొడక్షన్ కుర్రాడూ, వద్దని చెప్పండి. అసలు మన భాషలోనే దివిటీ దొంగలు అనే మాట ఉంది, దివిటీలు వెలిగించుకుని కేకలేసుకుంటూ ఊరి మీద పడే ముఠాలని, చీకట్లో నక్కి వచ్చే దొంగల కంటే వీళ్ళు కెమెరాకి ఎంతో మేలు, లైటింగు వాళ్ళే మోసుకొస్తారు. పడవ మీద మాత్రం నిజం మంట వద్దు, పైన ఉన్నది ఎండు తాటాకు. పడవలో కాగడా వెలుగు కావాలంటే నారింజ రంగు కాగితం చుట్టిన ఎల్‌ఈడీ లైటు ముందు చేతి వేళ్ళు ఆడించండి.

రాత్రి సీన్లు రాత్రే తియ్యాలని లేదు. మాకు లైట్లు లేవు, జనరేటర్ డబ్బులు లేవు. సాయంత్రం ఎండ పడుతుండగా, ఎండకి ఎదురుగా కెమెరా పెట్టి, ఆకాశం ఫ్రేములోకి రాకుండా, ఎక్స్‌పోజరు రెండు స్టాపులు తగ్గించి, అంటే వెలుగు నాలుగో వంతుకి తెచ్చి, కెమెరాలో రంగు సరిచేసే వైట్ బ్యాలెన్సు 3200 కెల్విన్‌కి పెట్టి తీస్తే నీలంగా వెన్నెల రాత్రిలా వస్తుంది. నీళ్ళ మీద పడే ఎండే వెన్నెల అయిపోతుంది. ఆకాశం కొంచెం కనపడినా దొరికిపోతారు, అందుకని గట్టు మీద నిలబడి కిందకి తీసే షాట్లే ఎక్కువ పెట్టుకోండి.

తుపాకి ఒక్కటే పెట్టండి, అది షావుకారు కాపలావాడి దగ్గరే ఉండాలి. ముందు నుంచి మందు పోసి, గుండు వేసి, పొడుగు కడ్డీతో దట్టించి, అప్పుడు పేల్చే తుపాకి. బాగా తర్ఫీదున్న సిపాయి కూడా నిమిషానికి మూడు సార్లు కొడితే గొప్ప. అంటే ఒకసారి పేలి గురి తప్పిందా, మళ్ళీ దట్టించడానికి ఇరవై సెకన్లు, ఆ ఇరవై సెకన్లలోనే మీ ఫైటు మొత్తం జరగాలి. వాడు వణికే చేతుల్తో మందు పోస్తుంటే ఇటు వీళ్ళు పడవలోకి దూకడం, ఎడిటింగులో అటూ ఇటూ కట్ చేస్తే దానంత టెన్షను మెషిన్ గన్లు పెట్టినా రాదు. పొగ మాత్రం తెల్లగా దట్టంగా రావాలి, మేం మొహానికి రాసే పౌడరు గొట్టంలో పోసి ఊదాం. పిండి వాడొద్దు, గాల్లో లేచిన పిండికి దగ్గర్లో మంట తగిలితే అంటుకుంటుంది.

ఆ చెక్క తుపాకితో మాకొక పాఠం. పూత బాగా కుదిరింది, దూరం నుంచి అచ్చం నిజం దానిలా ఉంది, మావాడు దాన్ని బైకు వెనకాల అడ్డంగా పట్టుకుని మెయిన్ రోడ్డు మీద వచ్చాడు. ఎవరో ఫోను చేశారు, స్టేషన్లో మూడు గంటలు కూర్చోబెట్టారు, మీసాలు కూడా అతికించి ఉన్నాయి పాపం. ఎస్సైగారు చివరికి నవ్వేసి పంపించారు గానీ ఆ రోజు షూటింగు పోయింది. అందుకని షూటింగుకి ముందే స్టేషన్లో ఒక కాగితం ఇచ్చెయ్యండి, ఎక్కడ, ఎన్ని రోజులు, ఏమేం బొమ్మ ఆయుధాలు అని రాసి, ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకుని జేబులో ఉంచుకోండి. తుపాకి గుడ్డలో చుట్టి కారు డిక్కీలోనే తిప్పండి.

పోలీసులంటే గుర్తొచ్చింది, కథలో పోలీసుల గురించి. మద్రాసు పోలీసు చట్టం వచ్చింది 1859లో. మీ కథ అంతకు ముందుదైతే ఇన్‌స్పెక్టరు అనే మనిషే ఉండడు, తాసిల్దారు కచేరీ, మునసబు, తలారి, అంతే. మాది 1877 కాబట్టి జవాన్లు ఉండొచ్చు, కానీ యూనిఫాం కుట్టించే డబ్బు లేక వాళ్ళని దూరం నుంచి కాగడాల వెనక నీడల్లాగే చూపించాం, అదే బాగుందన్నారు అందరూ. ఇంకో బంగారం లాంటి విషయం యానాం. అది అప్పుడు ఫ్రెంచివాళ్ళది, 1954 దాకా వాళ్ళదే. ఇంగ్లీషు జవాను తరుముకుంటూ వచ్చి ఆ పొలిమేర దగ్గర ఆగిపోవాల్సిందే. గోదారి పాయలో పడవ యానాం వైపు మళ్ళితే చాలు, చూసేవాడికి అర్థమైపోతుంది. అక్కడ తీసేటప్పుడు పోటు పాటు టైములు చూసుకోండి, మేం పొద్దున్న వైడ్ షాటు, మధ్యాహ్నం క్లోజప్పులు తీశాం, ఈలోగా నీళ్ళు దిగి పడవ బురదలో కూర్చుంది, ఒకే సీనులో ఒకసారి నీళ్ళు, ఒకసారి బురద. ఇంకా గుర్తు పెట్టుకోండి, యానాం ఇప్పుడు పుదుచ్చేరి కిందకి వస్తుంది, పర్మిషన్ అక్కడి వాళ్ళని వేరేగా అడగాలి.

బట్టలు తేలిక. ముతక నేత పంచెలు పది, తువ్వాళ్ళు పది. కొత్త తెలుపు కెమెరాకి కొడుతుంది, కరక్కాయ ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరేస్తే మాసిన పసుపు రంగు వస్తుంది, పైన గట్టు మట్టితో రెండుసార్లు తొక్కండి. చొక్కాలు వద్దే వద్దు. వాచీలు, చేతికి కట్టిన దారాలు, పచ్చబొట్టు పేర్లు, గాజు ఉంగరాలు రోజూ పొద్దున్నే చెక్ చెయ్యడానికి ఒక మనిషిని పెట్టండి, మాకు ఆ పని మా చెల్లెలు చేసింది, దాని కంటికి మించింది లేదు. ఫేడ్ కటింగు కొట్టించుకున్నవాళ్ళందరికీ తలపాగాలు చుట్టేశాం, తప్పలేదు.

మాటలు గ్రాంథికంలో రాయొద్దు, పౌరాణిక నాటకం అయిపోతుంది. మన గోదారి మాటే, అండీ ఆయ్ తోనే, కాకపోతే ఇంగ్లీషు ముక్కలు తీసేసి. మా సినిమాలో దొంగ షావుకారుతో అనే మొదటి మాట ఏంటంటే, "కాలు జారుద్ది షావుకారుగారూ, చెయ్యివ్వండి." దోచుకోడానికి వచ్చినవాడు అండీ గారూ అంటుంటే థియేటరు లేకపోయినా ఈలలు పడ్డాయి. మనవాళ్ళు తిట్టేటప్పుడు కూడా మర్యాద వదలరు కదా, అది వాడుకోండి.

పర్మిషన్లు టకటకా చెప్పేస్తా. లాకు గానీ కాలవ గట్టు గానీ ఇరిగేషన్ వాళ్ళది, సెక్షన్ ఆఫీసులో కాగితం పెట్టండి, కాలవ చూసుకునే లస్కరుతో స్నేహం చేసుకోండి, నీళ్ళు ఎప్పుడు పెంచుతారో తగ్గిస్తారో చెప్పేది ఆయనే. కోరంగి మడ అడవుల్లో తియ్యాలంటే అటవీ శాఖ, ద్రాక్షారామం గుళ్ళో అయితే పురావస్తు శాఖ, ఎద్దుల బండి గానీ జంతువులు గానీ పెడితే యానిమల్ వెల్ఫేర్ బోర్డుని అడగాలి, మేం ఆ గొడవంతా ఎందుకని జంతువులే లేకుండా రాసేసుకున్నాం. వేసవిలో కాలవలు కట్టేస్తారు, ఏప్రిల్ సగం దాటితే కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, అందుకని సంక్రాంతి తర్వాత నుంచి మార్చి లోపు తీసెయ్యండి, పొద్దున్న మంచు కూడా దొరుకుతుంది.

నీళ్ళతో మాత్రం ఆటలొద్దు. పడవ ఎక్కే ప్రతివాడికీ ఈత వచ్చా అని అడగడం కాదు, ముందు రోజు మీ కళ్ళ ముందు ఈదించి చూడండి. రానివాళ్ళకి పంచె మీద గోనె కండువా కప్పి లోపల లైఫ్ జాకెట్ వెయ్యండి. మూటలు మొయ్యడం, నీళ్ళలో దూకడం ఒకే షాటులో పెట్టకండి, పదకొండు కేజీల సంచి చేతికి చుట్టుకుందంటే కిందకే లాగుతుంది. మూట నీళ్ళలో పడే షాటుకి సంచిలో కొబ్బరి డొక్కలు కూరి పైన గుప్పెడు వాషర్లు వేశాం, అయినా సంచి మూతి ఊడిపోయింది. వాషర్లు తూకానికి అద్దెకి తెచ్చుకున్నవి, కొట్టాయన తిరిగి తూకం వేస్తే అరకేజీ తగ్గింది, డబ్బులు కట్టాం. కాలవ కట్టేసినప్పుడు మా తమ్ముడు వెళ్ళి బురదలో వెతికితే ఏడు దొరికాయి.